చీకటి పడింది ఎవరికి?

(మన సిబ్బంది కుటుంబాల సాహితీ సాయంత్రంలో ఒక రిటైర్డ్ అధికారి చేసిన ప్రసంగ పాఠం)

సహోద్యోగులకూ, వారి ఇంటివారికీ, ముఖ్యంగా రేపు పరీక్ష ఉన్నా అమ్మానాన్నల బలవంతం మీద ఇక్కడికొచ్చి కూర్చున్న పిల్లలకూ ప్రత్యేకంగా నమస్కారం.

కమిటీవారు నన్ను పిలిచి, "మీరు ఇంగ్లీషు ఎం.ఏ. కదా సార్, మీకు ఇష్టమైన ఒక పాతకాలపు ఇంగ్లీషు మాట గురించి అరగంట చెప్పండి. పిల్లలకు పనికొస్తుంది, పెద్దలకు కాలక్షేపం అవుతుంది" అన్నారు. సరే అన్నాను. తీరా ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే, నాకు ఇష్టమైన మాటలకంటే నన్ను సిగ్గుపడేలా చేసిన మాట ఒకటి ముందు గుర్తొచ్చింది. దాని గురించే చెబుతాను.

ఆ మాట 'బినైటెడ్'. విశేషణం. ఇప్పుడు పేపర్లలో పెద్దగా కనబడదు, మాటల్లో అసలే వినబడదు. మా కాలానికే అది పాతబడిపోయింది. అందుకే నాకు దాని మీద మోజు.

ముందు పిల్లల కోసం కాస్త వ్యాకరణం. ఇందులో ఉన్న 'నైట్' అంటే రాత్రి. ముందున్న 'బి' అనేది ఉపసర్గ. 'బివిచ్డ్' అంటే మంత్రం కమ్మినవాడు, 'బిజువెల్డ్' అంటే నగలతో నిండినవాడు. అలాగే 'బినైటెడ్' అంటే రాత్రి కమ్మినవాడు. ప్రయాణంలో ఉండగా, ఊరు చేరకముందే చీకటి పడి దారిలో చిక్కుకుపోయినవాడు. పదహారో శతాబ్దం నుంచీ ఉన్న మాట ఇది. కొండలెక్కేవాళ్ళు ఇప్పటికీ దీన్ని ఈ అర్థంలోనే వాడతారు. దిగేలోగా పొద్దుపోయి రాత్రంతా కొండమీదే ఉండిపోవలసి వస్తే, ఇంగ్లండు పర్వతారోహకులు "మేం బినైటెడ్ అయ్యాం" అంటారు.

ఇది మొదటి అర్థం. రెండో అర్థం తర్వాత వచ్చింది. చీకటి దారిమీద కాకుండా బుర్రలో ఉన్నవాడు, అంటే అజ్ఞానంలో ఉన్నవాడు, నాగరికత తెలియనివాడు అని. మొదటి అర్థంలో ఆ మనిషి మీద మనకు జాలి కలుగుతుంది, తలుపు తీస్తాం. రెండో అర్థంలో ఆ మనిషి మనకంటే తక్కువవాడవుతాడు. మాట ఒక్కటే, చూసే చూపు మారింది.

సాహిత్యంలో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి. మిల్టన్ మహాకవి రాసిన 'కోమస్' అనే రూపకాన్ని 1634లో లడ్లో కోటలో ప్రదర్శించారు. ఒక అమ్మాయి తమ్ముళ్ళతో అడవిలో వెళుతూ, చీకట్లో వాళ్ళనుంచి విడిపోతుంది. మాంత్రికుడి చేతికి చిక్కుతుంది. చెల్లాచెదురైన అన్నదమ్ములు వెతుక్కుంటూ మాట్లాడుకునే చోట మిల్టన్ ఈ విశేషణం వాడాడు. అడవిలో దారి తప్పింది ఆ పిల్ల. కానీ మిల్టన్ 'బినైటెడ్' అన్నది ఆ పిల్లను కాదు. మనసులో మలినం పెట్టుకున్నవాడిని. అలాంటివాడికి మిట్టమధ్యాహ్నం కూడా రాత్రే అని ఆయన భావం.

రెండు వందల ఏళ్ళు ముందుకు వస్తే, రెజినాల్డ్ హీబర్ అనే మతాచార్యుడు 1819లో రాసిన ఒక ప్రసిద్ధమైన క్రైస్తవ కీర్తనలో ఈ మాట మళ్ళీ కనిపిస్తుంది. అక్కడ అది దూరదేశాల మనుషులకు తగిలింది. దీపం మన చేతిలో ఉంది, చీకటి వాళ్ళ దగ్గరుంది అన్న ధోరణి. ఆయన తర్వాత కలకత్తా బిషప్‌గా మన దేశానికి వచ్చారు. 1826లో తిరుచిరాపల్లిలో చనిపోయారు. ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో జె.బి. ప్రీస్ట్లీ ఏకంగా ఈ ఒక్క మాటనే పేరుగా పెట్టి 1927లో ఒక నవల రాశాడు. వేల్స్ కొండల్లో కుండపోత వానలో చిక్కుకున్న ప్రయాణికులు ఒక పాత ఇంట్లో తలదాచుకుంటారు. 1932లో దాన్ని సినిమాగా కూడా తీశారు. మన దయ్యాల బంగళా సినిమాలన్నిటికీ ముత్తాతల్లో అదొకటి.

ఇంతవరకూ పుస్తకాల సంగతి. ఇక నా సంగతి.

1980ల చివర నేను ఫీల్డ్ ఆఫీసర్‌గా చేరాను. అప్పటికి ఛత్తీస్‌గఢ్ లేదు, సుక్మా జిల్లా లేదు. అంతా మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లా. ఆ జిల్లాకు దక్షిణపు కొస కుంట. హిందీవాళ్ళు కోంటా అంటారు. పక్కనే శబరి నది, దగ్గర్లో మన చింతూరు. కుంట నుంచి సుక్మా వైపు పోయే పెద్దరోడ్డు మీద ఇంజరం వస్తుంది. అక్కడ రోడ్డు వదిలి పడమటికి అడవిలోకి తిరిగితే భేజ్జి. అక్కడ ఎక్కువమంది దోర్లలు. మన కోయలకు దగ్గరి చుట్టాలు. వాళ్ళ మాట నాకు రాదు. కానీ కుంట సంతకూ, చింతూరుకూ వచ్చిపోయేవాళ్ళు కాబట్టి చాలామందికి తెలుగు వచ్చేది. బదిలీ ఆర్డరు చూసి ఏడుపు ముఖం పెట్టినవాణ్ణి, అక్కడ తెలుగు వినబడేసరికి సగం తేరుకున్నాను.

అప్పట్లో ఐఆర్‌డీపీ అప్పులుండేవి. సీనియర్లకు తెలుసు, పిల్లలకు చెబుతాను. పేద కుటుంబానికి ఎడ్లో, మేకలో, కుట్టు మిషనో కొనిపెట్టడానికి కొంత ప్రభుత్వం సబ్సిడీ, కొంత మా బ్యాంకుల అప్పు. బ్లాక్ ఆఫీసువాళ్ళు పేర్ల జాబితా పంపుతారు. ఫీల్డ్ ఆఫీసర్ ఊరికి వెళ్ళి, మనిషిని చూసి, భూమి చూసి రిపోర్టు రాయాలి. మే నెలలో ఒకరోజు భేజ్జి వైపు ఒక పల్లెలో అలాంటి పని పడింది. ఒక కుటుంబానికి దుక్కిటెడ్ల జత. ఇంట్లో ఒక అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. ఉన్న ఎడ్లలో ఒకటి జబ్బుచేసి చచ్చిపోయింది. ఒంటెద్దుతో దుక్కి సాగదు.

రాజ్‌దూత్ మోటార్ సైకిల్ మీద బయలుదేరాను. పని చూసుకుని తిరుగుముఖం పట్టాను. రెండు వాగులు దాటానో లేదో బండి ఆగిపోయింది. ప్లగ్గు తీసి తుడిచాను, తన్నాను, బతిమాలాను. కదల్లేదు. అడవిలో పొద్దు ఒక్కసారిగా దిగిపోతుంది. ఇప్పుడే ఎండ ఉన్నట్టుంటుంది, తలెత్తి చూసేసరికి చెట్టుకూ మనిషికీ తేడా తెలియదు. నా దగ్గర టార్చిలైటు ఉంది కానీ అందులో బ్యాటరీలు చివరి ఊపిరి మీదున్నాయి. అరగంట తర్వాత అవీ పోయాయి. చేతిలో బ్యాంకు బ్యాగు, ఎదురుగా కాలిబాట ఎటు పోతుందో తెలియదు. నిజం చెబుతున్నాను, ఏడ్చాను.

అప్పుడు దూరంగా ఒక నిప్పు కదులుతూ వచ్చింది. ఎవరో పిల్లవాడు. చేతిలో మండుతున్న వెదురు. బండి చప్పుడు సగంలో ఆగిపోవడం ఊళ్ళో విన్నారట. "బ్యాంకాయన పొద్దుపోయి చిక్కాడు, పోయి తీసుకురా" అని అవ్వ పంపిందట. ఆ నిప్పు వెనకే నడిచాను. ఇంటి ముందు నెగడు వేసి ఉంది. ఆకు దొప్పలో జావ పోశారు. ఇంట్లో ఉన్న ఒకే మంచం నాకు వేసి, ఆ కుటుంబమంతా నేలమీద పడుకుంది. అవ్వ మాత్రం చాలాసేపు నెగడు దగ్గరే కూర్చుంది. "నువ్వు పడుకో, నేను చూసుకుంటా" అంది. దేన్ని చూసుకుంటుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పొద్దున నలుగురు కుర్రాళ్ళు బండిని ఇంజరం దాకా తోసుకుంటూ వచ్చారు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ఇప్పుడు నేను చేసిన పని వినండి.

కుంట చేరి, స్నానం చేసి, భోంచేసి, కలం తీసి రిపోర్టు రాశాను. ఇంగ్లీషు ఎం.ఏ. ఒంట్లో ఇంకా వేడిగా ఉన్న రోజులు. నా ఇంగ్లీషు పై ఆఫీసువాళ్ళు చూడాలి. భూమి వివరాలూ, కుటుంబం వివరాలూ సరిగ్గానే రాశాను. అప్పు ఇవ్వవచ్చనే సిఫారసు చేశాను. కానీ మొదటి వాక్యంలోనే ఆ పల్లెను 'బినైటెడ్ హ్యామ్లెట్' అని వర్ణించాను. నాగరికత దీపం సోకని కుగ్రామం అన్న అర్థంలో. రాసుకున్నాక రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

మూడు వారాలకు ఫైలు తిరిగొచ్చింది. పై ఆఫీసులో ఎవరో ఆ మాట కింద ఎర్ర ఇంకుతో గీత గీశారు. ఫీల్డ్ ఆఫీసరే ఇలా వర్ణించిన ఊళ్ళో వసూలు ఎలా సాధ్యమో వివరించాలని పక్కన రాశారు.

మా మేనేజరుగారు గోదావరి జిల్లా మనిషి. గట్టిగా మాట్లాడి ఎరగరు. నన్ను లోపలికి పిలిచి ఫైలు ముందు పెట్టారు. "ఏమయ్యా, ఈ మాటకు అర్థం ఏమిటి?" అన్నారు. చెప్పాను. "అది రెండో అర్థం. మొదటి అర్థం చూశావా?" అన్నారు. బల్ల సొరుగులోంచి అట్ట ఊడిన పాత నిఘంటువు తీసి నా ముందుకు నెట్టారు. చదివాను. ప్రయాణంలో చీకటి పడి చిక్కుకున్నవాడు.

"ఆ రాత్రి చీకటి పడింది ఎవరికయ్యా? వాళ్ళకా, నీకా?"

నేను మాట్లాడలేదు. ఆయనా ఇంకేమీ అనలేదు. టీ తెప్పించారు.

ఆ సాయంత్రమే రిపోర్టు తిరగరాశాను. ఈసారి విశేషణాలు లేవు. ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఎంతమంది చేతులు, ఊళ్ళో పాత బాకీలు ఎలా తీరుతున్నాయి, ఇవే రాశాను. అప్పు శాంక్షన్ అయింది. కానీ ఈలోగా జూన్ సగం దాటిపోయింది. తర్వాత పశువైద్యుడు, బ్లాక్ ఆఫీసు మనిషి, బ్యాంకు మనిషి ముగ్గురూ ఒకేరోజు కుదిరి సంతలో ఎడ్లను చూసి కొనాలి. అదీ అయ్యేసరికి వానలు ముందే దిగిపోయాయి. ఊరంతా విత్తనాలు చల్లుకుంది. ఆ కుటుంబం మాత్రం ఒంటెద్దుకు పక్కవాళ్ళ ఎద్దును అరువు తెచ్చుకుని, వాళ్ళ పని అయ్యాక మిగిలిన పూటల్లో దున్నుకుంది. ఉన్న చేనులో సగమే సాగైంది.

నేను మురిసిపోయి రాసిన ఒక్క విశేషణం ఖరీదు ఆ ఇంటికి సగం పంట.

ఇది నా కథలో బరువైన భాగం. ఇక కాస్త తేలిక చేస్తాను. కొన్నేళ్ళకు హైదరాబాదు బదిలీ అయ్యాక, ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు చూస్తుంటే 'హాబ్సన్-జాబ్సన్' దొరికింది. ఇది ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో వాడిన మాటల నిఘంటువు. 1886లో మొదట వచ్చింది. దీన్ని యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చారు. అందులో బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు. పేజీలు తిప్పుతుంటే నా పాత శత్రువు కనబడింది. 'బినైటెడ్' అనే మాటకు ప్రత్యేకంగా ఒక ఆరోపం ఉంది. అర్థం ఏమిటనుకున్నారు? మద్రాసు! మిగతా ప్రెసిడెన్సీలలో ఉండే ఇంగ్లీషు దొరలు మద్రాసు ప్రెసిడెన్సీని వెక్కిరించడానికి పెట్టిన పేరు అట. చీకటి ప్రెసిడెన్సీ. కలకత్తావాళ్ళు రాజధానివాళ్ళం అనుకునేవాళ్ళు, బొంబాయివాళ్ళు వ్యాపారం మాది అనుకునేవాళ్ళు. మద్రాసు అంటే నిద్రపోతున్న, వెనకబడిన చోటు అని వాళ్ళ లెక్క.

మద్రాసు ప్రెసిడెన్సీ అంటే ఎవరండీ? మన కోస్తా జిల్లాలు, మన రాయలసీమ. మా తాతగారూ, మీలో సగంమంది తాతగార్లూ. నిజాం ఇలాకాలో పుట్టిన మిత్రులు నవ్వుకుంటున్నారు, ఈ బిరుదు నుంచి మీరు తప్పించుకున్నారు, నవ్వుకోండి.

ఆ చీకటి ప్రెసిడెన్సీలోనే కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి మన తాళపత్రాలు వెతికించి ప్రతులు రాయించాడు. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. అదే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అది కట్టిన ఆర్థర్ కాటన్‌కు 1861లో 'సర్' బిరుదు వచ్చింది. ఇక్కడ పిల్లలకో తమాషా. బిరుదు పొందిన వీరుణ్ణి కూడా ఇంగ్లీషులో 'నైట్' అనే అంటారు. పలకని 'కె' ఒకటి ముందుంటుంది, అంతే తేడా. ఒక నైట్ మనమీద కమ్మిన చీకటి, ఇంకో నైట్ ఆయనకు దక్కిన బిరుదు. రెండూ ఒకే ప్రెసిడెన్సీలో.

ఆ పుస్తకం పట్టుకుని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నిలబడిపోయాను. మొదట కోపం వచ్చింది. మా తాతను ఆ మాట అంటారా అని. వెంటనే కుంట ఎర్ర ఇంకు గుర్తొచ్చింది. కలకత్తా దొర మద్రాసును అన్నాడు. ఆ మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టినవాడి మనవణ్ణి నేను, భేజ్జిని అన్నాను. ఈ మాట మెట్లు దిగుతూ వస్తుందన్నమాట. ప్రతి మెట్టుమీదా ఉన్నవాడు తన కింది మెట్టుకు చీకటి అంటగడతాడు. ఆఖరి మెట్టుమీదున్న అవ్వ మాత్రం ఆ మాట ఎవరినీ అనలేదు. నన్ను చూసి "పొద్దుపోయింది, ఎక్కడికి పోతావు, ఉండు" అంది.

ఈ 'పొద్దుపోయింది' అన్న తెలుగు మాటను ఒకసారి చూడండి. ఇంగ్లీషు రాత్రిని తెచ్చి మనిషికి తొడిగి విశేషణం చేసింది. తెలుగులో పోయింది పొద్దు. చీకటి పడింది అంటాం, అది ఎక్కడో పడుతుంది, మనిషి మనిషిగానే ఉంటాడు. మన కథల్లో రాజకుమారుడు పొద్దుపోయి ఊరు చేరితే ఎవరింట్లో దిగుతాడు? పేదరాశి పెద్దమ్మ ఇంట్లో. ఆమె అతణ్ణి నీది ఏ కులం, ఏ నాగరికత అని అడగదు. కాళ్ళకు నీళ్ళిస్తుంది, అన్నం పెడుతుంది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలన్నీ దారిలో ఆగిన మజిలీల్లో పుట్టినవే. అంటే మన సాహిత్యంలో పొద్దుపోయిన బాటసారి వర్ణన వస్తే, ఆ వెంటనే తలుపు తీసే మనిషి కూడా వస్తుంది. నాకు ఎం.ఏ. ఉంది కానీ ఈ సంగతి తట్టలేదు.

మా ఉద్యోగంలో ఈ మాటకు ఇవాళ్టి రూపం 'బ్యాక్‌వర్డ్'. వెనకబడిన ప్రాంతం, వెనకబడిన బ్రాంచి. కొన్ని బదిలీలకు మనం పెట్టుకున్న ముద్దుపేర్లు ఉన్నాయి, అవి ఈ మైకులో చెప్పను. కుటుంబసభ్యులు కూడా ఇందులో భాగస్థులే. ఆర్డరు రాగానే ఇంట్లో మొదటి మాట "ఆ అడవిలోకా?" అని. మా ఆవిడ కూడా అదే అంది. తర్వాత కుంటలో ఉన్న మూడేళ్ళలో ఇప్పపూలు ఎలా ఎండబెట్టాలో, తునికాకు కట్ట ఎలా కట్టాలో నేర్చుకుని నన్ను మించిపోయింది.

చాలా ఏళ్ళకు భేజ్జి పేరు మళ్ళీ విన్నాను, టీవీలో. 2017 మార్చి 11న, అక్కడ రోడ్డు పనులకు కాపలాగా ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాన్లు పన్నెండుమంది మావోయిస్టుల దాడిలో చనిపోయారు. నన్ను నిప్పు వెలుగులో నడిపించిన దారులు అవే. టీవీలో ఆ ఊరి పేరు పక్కన వచ్చిన విశేషణాలన్నీ విన్నాను. ఆ జవాన్ల ఇళ్ళ గురించి ఆలోచించాను. నెగడు దగ్గర కూర్చున్న అవ్వ ఇంటి గురించీ ఆలోచించాను. నాకు తెలిసిన భేజ్జి ఆ విశేషణాల్లో ఎక్కడా లేదు. ఆ రాత్రి ఎవరికి ఎక్కువ చీకటో తూకం వేసే పని నాది కాదని మాత్రం తెలిసింది.

మీరంతా బ్యాంకువాళ్ళు కాబట్టి అప్పు తీరిందా అని మనసులో అడుగుతూనే ఉన్నారు. నేను బదిలీ అయ్యేనాటికి మూడు కిస్తీలు వచ్చాయి. రెండు ఆలస్యంగా, ఒకటి సమయానికి. ఆలస్యమైన రెండిట్లో మొదటిదానికి కారణం నా విశేషణమే అని లెడ్జరులో రాయడానికి కాలమ్ లేదు.

పిల్లలూ, పరీక్షలో ఈ మాట వస్తే రెండు అర్థాలూ రాయండి, మొదటిది ముందు రాయండి. ఇంకా సర్వీసులో ఉన్న మిత్రులకు నా విన్నపం ఒకటే. ఫైలు మీద ఒక ఊరి గురించో, ఒక మనిషి గురించో విశేషణం రాయబోయేటప్పుడు కలం ఒక్క క్షణం ఆపండి. ఆ చీకటి వాళ్ళదా, దారి తెలియక నిలబడిన మనదా అని చూసుకోండి. చాలాసార్లు విశేషణం అవసరమే ఉండదు. ఎకరాలు రాస్తే చాలు.

చివరగా ఒక్కమాట. ఎడ్లను కొన్న రోజున వాటి వెంట నేనూ ఆ పల్లెకు వెళ్ళాను. బండి మంచిగా ఉంది, ఎందుకైనా మంచిదని కొత్త బ్యాటరీలు వేసుకున్నాను. మధ్యాహ్నానికల్లా చేరాను. ఆలస్యానికి క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. అవ్వ ఎడ్ల నుదుటిమీద చెయ్యి వేసి నిమిరింది, పళ్ళు చూసింది, తోక చూసింది. తర్వాత నావైపు తిరిగి నవ్వింది.

"ఈసారి పొద్దుండగానే వచ్చావు" అంది.